బాబాయిగారి వాటా నీళ్లు

పోయిన మంగళవారం ఉదయం పక్కింటి అమ్మాయి తలుపు కొట్టి, "నాన్న పోయారక్కా" అంది. ఒంగోలులో, నిద్రలోనే. ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూనే, చెప్పాల్సిన మాట మళ్లీ మింగేశాను. రేపు ఆమెకు చెబుతాను. ముందు ఇలా రాసి ధైర్యం తెచ్చుకుంటున్నాను.

నేను ఆయన్ని బాబాయిగారూ అనేదాన్ని. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. కాలిఫోర్నియాలోని మా డబ్లిన్‌లో కూతురింటికి ఆరు నెలలుండి వెళ్దామని వచ్చారు. నా కార్ ఎక్కే ముందు చుట్టూ తిరిగి నాలుగు టైర్లనూ కాలితో తట్టి చూసేవారు. ఎక్కాక, నేను బ్రేక్ వేసినప్పుడల్లా ఆయన కుడికాలు కూడా నేలను తొక్కేది.

పోయిన జూలైలో అందరం యూటా బయల్దేరాం. కూతురి కుటుంబం వాళ్ల వ్యాన్‌లో, నేను నా కార్‌లో. "ఒక్కదానివే డ్రైవ్ చేస్తే నిద్రొస్తదమ్మాయ్" అంటూ ఆయన నా పక్కన కూర్చున్నారు. నెవాడాలో వ్యాన్ మాకంటే చాలా ముందుకు వెళ్లిపోయాక, ఫోన్ ఒక మట్టిరోడ్డు చూపించింది. గంట కలిసొస్తుందంది.

"తారు రోడ్డు వదలమాక" అన్నారాయన. నేను వినలేదు.

ఇరవై మైళ్లు లోపలికి వెళ్లాక కార్ ఇసుకలో కూరుకుపోయింది. అప్పటికి ఉదయం పదిన్నర. సిగ్నల్ లేదు. నీళ్ల బాటిళ్ల పెట్టె వ్యాన్‌లో ఉండిపోయింది. మా దగ్గరున్నవి రెండు బాటిళ్లు. కనుచూపు మేర చెట్టన్నది లేదు.

చేతులతో ఇసుక తోడాం. బొబ్బలెక్కాయి. కార్ ఇంకా దిగబడింది. మధ్యాహ్నానికి నా బాటిల్ అయిపోయింది. నడిచి వెళ్లి ఎవరినైనా తీసుకొస్తానని లేచాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"బండిని వదిలి పోమాక."

"ఇక్కడే చస్తాం బాబాయిగారూ! వదలండి!"

"బండైతే దూరానికి కనపడుద్ది. మనిషి కనపడడు. కూర్చో."

తిట్టాను. గింజుకున్నాను. ఆయన వదల్లేదు. "ఎక్కిన మనిషిని దించేదాకా పూచీ డ్రైవర్‌దే" అన్నారు. ఆ రోజు నడిపింది నేనని గుర్తుచేసే ఓపిక కూడా నాకు లేదు.

తర్వాత కార్ లోపలి అద్దం ఊడబెరికి, ఎండను అందులో పట్టి, దూరంగా దుమ్ము లేచిన వైపుకల్లా తిప్పుతూ కూర్చున్నారు. మూడింటికి ఆ చెయ్యి వాలిపోయింది. కార్ నీడలో టైరుకు ఆనుకుని కళ్లు మూశారు. పిలిస్తే పలకలేదు. ఆయన ఒళ్లో బాటిల్ ఉంది. సగం నీళ్లున్నాయి. నాలుక తడుపుకుంటూ దాచుకున్నవి.

నేను అవి తాగేశాను. చుక్క మిగల్చలేదు. ఆయన పెదవులైనా తడపలేదు. మూత పెడుతూ చూశాను. ఆయన కళ్లు తెరిచి నన్నే చూస్తున్నారు.

ఆ తర్వాత అద్దం నేను పట్టుకున్నాను. ఏడుద్దామన్నా కన్నీళ్లు రాలేదు. ఐదు దాటాక, పశువులు పెంచే ముసలాయనొకరు ఆ తళుకు చూసి పికప్ ట్రక్‌లో వచ్చాడు.

ఆస్పత్రిలో బాబాయిగారికి రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. "నీళ్లు ఎలా సరిపెట్టుకున్నారు నాన్నా?" అని కూతురు అడిగింది. నేను గోడవైపు తిరిగాను.

"చెరిసగం తాగాంలే" అన్నారాయన.

మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నేను ఎత్తబోతే, "టీ పెట్టమ్మాయ్" అనేవారు. ఒంట్లోకి మాత్రం మునుపటి సత్తువ రాలేదు. ఆ ఎండే ఆయన్ని తీసుకుపోయిందా అని ఏ డాక్టర్‌నీ అడగలేదు. అడగలేను.

అక్టోబర్‌లో ఆయన ఇండియాకు బయల్దేరితే ఎయిర్‌పోర్ట్‌లో దింపడానికి నేనూ వెళ్లాను. సెక్యూరిటీ లైన్‌లో కాస్త దూరం నడిచాక, వెనక్కి తిరగకుండానే కుడిచెయ్యి పక్కకు చాపి, మెల్లగా ముందుకు ఊపారు. ఇరుకు రోడ్డు మీద బస్సు డ్రైవర్లు వెనకబండికి దారి ఇస్తూ ఊపుతారే, అలాగ.