చేతులు జేబుల్లో పెట్టుకున్న సార్

మా సార్ పోయారని ఫోన్ వచ్చేసరికి నేను మల్కాజిగిరిలో డ్యూటీలో ఉన్నాను. ఫోన్ చేసింది నాచారం దవాఖానాలో మందులిచ్చే అన్న. "సార్ లేడమ్మా. పొద్దున పోయిండు. నిమోనియా అన్నరు," అన్నాడు. ఏ ఆస్పత్రిలో అని అడిగాను. చెప్పాడు. సరే అన్నా అని పెట్టేసి, ఎదురుగా కూర్చున్న ముసలమ్మకు బీపీ పట్టీ చుట్టడం పూర్తి చేశాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. కానీ ఆ రోజు నుంచి పేషెంట్లతో మాట్లాడుతుంటే ఆయన మాటలే నా నోట వస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సులో ఉండగా ట్రైనింగ్ కోసం నన్ను నాచారంలో, ఫ్యాక్టరీలకు పోయే రోడ్డు మీదున్న చిన్న దవాఖానాకు పంపారు. దెబ్బలు, జ్వరాలు, ఆయాసాలు, ఆలస్యం చేయకూడనివన్నీ అక్కడికే వచ్చేవి. సార్ అక్కడ పెద్ద డాక్టర్. నా చదువేమిటో ఉప్పల్‌లో మా ఇంట్లోవాళ్లకే సరిగ్గా తెలియదు, ఇక పేషెంట్లకేం తెలుస్తుంది? "నువ్వు డాక్టరమ్మవా, నర్సమ్మవా?" అని అడిగితే నీళ్లు నమిలేదాన్ని. సార్ అందుకునేవారు.

"రెండూ కాదు. డాక్టర్ పక్కన ఉండి పని జేసెటందుకు చదువుతుంది. నీకు ఇష్టమైతేనే ముట్టుకుంటది."

వద్దన్నవాళ్లను రెండోసారి అడిగేవారు కాదు.

సన్నటి మనిషి, మెల్లటి మాట. చేతులెప్పుడూ ప్యాంటు జేబుల్లోనే. నేర్పేటప్పుడు కూడా బయటికి తీసేవారు కాదు, అంతా నోటితోనే. "పొట్ట మీద పెట్టే ముందు చెయ్యి వెచ్చగ జేసుకో." "నొప్పి ఏడ ఉందో అడుగు. ఆడ మాత్రం ఆఖరికి ముట్టు." జేబుల్లో చేతులు పెద్ద డాక్టర్ల దర్జా అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం రేకు డబ్బాల కంపెనీలో పనిచేసే ఆమె అరచెయ్యి కోసుకుపోయి వచ్చింది. వెంట సూపర్‌వైజర్. నెత్తురు ఆగిపోయింది, గాయం చిన్నది. నేను మత్తు ఇంజెక్షన్ సిద్ధం చేస్తుంటే సార్ ఆపారు.

"మత్తిచ్చినంక ఆమె ఏం జెప్పగలుగుతది? ముందే అడుగు. వేళ్లు ఒక్కొక్కటి ముడువమను. స్పర్శ ఉందో లేదో సూడు."

ఆమె ఒక్కో వేలూ ముడిచింది. ఉంగరం వేలి కొస మాత్రం వంగలేదు. ఆమె దాన్నే చూస్తూ మళ్లీ ప్రయత్నించింది. వంగలేదు.

"లోపల వేలును వంచే తాడు తెగింది," అన్నారు సార్. "ఇక్కడ కుట్టేది కాదు. చేతి సర్జన్ దగ్గరికి పంపాలె, ఇయ్యాల్నే."

"రెండు కుట్లేసి పంపుండ్రి సార్, షిఫ్టు నడుస్తుంది," అన్నాడు సూపర్‌వైజర్. "చిన్న గాయమే గద!"

"గాయం చిన్నదే. ఆమె చెయ్యి చిన్నది కాదు."

సార్ గొంతు పెంచలేదు. ఎదురుగా నిలబడి, అతను బండి తెప్పించేదాకా కదల్లేదు. ఆపరేషన్ అయ్యింది. కొన్నాళ్లకు ఆమె వచ్చి పిడికిలి బిగించి చూపించింది. పూర్తిగా కాదు, పనికి సరిపడా. సార్ "మంచిగయింది" అని మాత్రం అన్నారు.

ఆ తర్వాత కాప్రా నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. బండి మీద నుంచి పడి మోకాలి కింద చీరుకుపోయింది. నేను గ్లౌజులు వేసుకుంటుంటే కాలు వెనక్కి లాక్కున్నాడు. "ఈ పిల్ల వద్దు. నువ్వే కుట్టు సారూ."

వద్దన్నాడు కదా, ఇక సారే కుడతారనుకుని పక్కకు జరిగాను. సార్ తన జేబులోంచి కుడిచెయ్యి తీసి పెద్దాయన ముందు చాపారు. వేళ్లు వణుకుతున్నాయి. ఆగకుండా వణుకుతున్నాయి.

"సూడు పెద్దాయనా. నన్ను కుట్టమంటే గిట్ల కుడత. ఈమెకు నేనే నేర్పిన. పక్కనే ఉంట. వద్దంటే వేరే డాక్టర్ దగ్గరికి పంపిస్త."

పెద్దాయన ఆ చేతిని చాలాసేపు చూశాడు. కాలు మళ్లీ నా ముందుకు చాపాడు. నేను ఊపిరి బిగబట్టి సూది అందుకున్నాను. "ఊపిరి వదులు," అన్నారు సార్ నా చెవి దగ్గర. "వదిలినంక సూది పెట్టు." కుట్లు వరసగానే పడ్డాయి.

చేతులు కడుక్కుంటూ, ఎన్నాళ్ల నుంచి సార్ అని అడిగాను. "వణుకు మొదలైన దినం నుంచి సూది ముట్టలే. పైవాళ్లకు నేనే జెప్పిన," అన్నారు. "ఫికర్ జేయకు. నేర్పనీకి నోరు సాలు." తర్వాతి పేషెంట్‌ను పిలవమన్నారు.

నా ట్రైనింగ్ అయిపోయింది, మల్కాజిగిరిలో ఉద్యోగం వచ్చింది. సార్ దవాఖానాకు రావడం మానేశారని విన్నాను. పోదాం పోదాం అనుకుంటూనే ఉన్నాను గానీ, ఆయనను చివరిసారి చూసింది అనుకోకుండానే, ఉప్పల్ మెట్రో ప్లాట్‌ఫామ్ మీద. బెంచీ మీద ఒక్కరే కూర్చున్నారు. ఎక్కడికి సార్ అన్నాను.

"యాడికీ లేదు. టికెట్ కొనుక్కొని ఊకె కూసున్న. ఇంట్ల పొద్దు పోతలేదు. దిగెటోళ్ల నడక సూస్తున్న." పక్కన చోటు చూపించారు. "అగో, ఆ నీలం చీరామె కుంటుతుంది సూడు. ఏ మోకాలు?"

"ఎడమది సార్."

"మోకాలు కాదు, తుంటి. మళ్ల సూడు."

నా రైలు వచ్చింది. ఎక్కి, తలుపులు మూసుకున్నాక అద్దంలోంచి చూశాను. సార్ నా వైపు చూడటం లేదు. కొంచెం ముందుకు వంగి, అదే రైల్లోంచి దిగి మెట్ల వైపు పోతున్న జనం కాళ్లను చూస్తున్నారు, ఒక్కొక్కరినే, తొందర లేకుండా.