మాట వినగానే లేవాల్సిన చిప్పు

మా పై వాటాలో ఉండే హైందవి చెవిమిషన్లలో పెట్టే చిప్పులు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తుంది. నాంపల్లి మెట్రో దిగి ఇంటికి రాగానే మళ్లీ అదే పని. వాళ్ల నాన్న వామన్‌రావు గారు ఆబిడ్స్‌లో బట్టల కొట్టు సేల్స్‌మన్‌గా జీవితమంతా మాటల మీదే బతికినవారు. ఇప్పుడు చెవులు వినపడవు. ఆయన మిషను సాయంత్రానికే బ్యాటరీ అయిపోయి మూగబోతుంది. రాత్రి పడుకునేదాకా నడిచే మిషను రావాలని ఆ పిల్ల పంతం.

చిప్పులో క్లాక్ అనే దరువు ఒకటి ఉంటుందట. దానికి తగ్గట్టే అన్ని భాగాలూ కదులుతాయి. పని లేని భాగాలకి కూడా అది కొడుతూనే ఉంటే బ్యాటరీ ఊరికే ఖర్చవుతుంది. అందుకని నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ దరువు ఆగిపోయి, మాట వినపడగానే మళ్లీ మొదలయ్యేట్టు చేసింది. సోమవారం ఆఫీసులో చూపించాలి.

ఆదివారం పచ్చడి ఇద్దామని పైకి వెళ్లాను. బల్ల మీద ఆ చిప్పున్న బోర్డు, వైర్లు. వామన్‌రావు గారు దానికి తగిలించిన హెడ్‌ఫోన్ పెట్టుకుని ఏదో పెళ్లివారి బేరం గురించి చెబుతున్నారు. అయ్యేదాకా గుమ్మంలో ఆగి, అప్పుడు అన్నాను.

"పచ్చడి."

ఆయన నా మొహంలోకి చూశారు. "నోరు కదిలింది గాని మాట రాలేదమ్మా."

"ఏందీ, రాలేదా?" హైందవి దగ్గరికి వచ్చింది. "మళ్ల అనండి ఆంటీ."

"పచ్చడి."

"ఇప్పుడొచ్చింది!" అన్నారాయన.

కాసేపు అందరం ఊరుకున్నాక హైందవి నాచేత మళ్లీ అదే మాట అనిపించింది. ఆయనకి మళ్లీ వినపడలేదు.

"చిప్పు లేచేలోపల మీ మాట అయిపోతున్నది ఆంటీ."

మా ఆయన పోయాక నాకు అంతకంటే పొడుగు మాట రావడం లేదు.

"నాయన జర నోరు మూస్తే గదా అది పండుకునేది! అందుకే ఇన్నిరోజులు తెల్వలే."

"నా నోటి మీద పడ్డవేందే?"

నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. మాట పట్టే చిన్న భాగానికి దరువు ఆపకూడదట. మిగతావి లేచేదాకా అదే మాటను దాచి ఉంచాలట. అలా చేస్తే పొదుపు కొంత పోతుంది.

"బ్యాటరీ నువ్వు పండుకునేదాకా రాదు నాయనా. రాత్రి బువ్వ తినేదాకనే."

"చాలు. కొట్లకొచ్చినోళ్ల మొదటి మాటకే జవాబియ్యకపోతే గాడ మళ్ల ఎవరొస్తరు?"

సాయంత్రానికి మార్చేసి నన్ను పిలిచింది. గదిలో ఎవరం మాట్లాడలేదు. తను చెయ్యి ఊపగానే, "కాఫీ," అన్నాను.

"తెమ్మా, చక్కెర ఎక్కువెయ్యి!"

"వద్దు ఆంటీ, షుగరుంది!" అని హైందవి అరిచింది.

సోమవారం, అనుకున్నంత పొదుపు రాలేదని ఆఫీసులో తనే చెప్పిందట. కారణం విని, ఈ మార్పే ఉంచమన్నారట. ఆ కబురు నాకు చెప్పడానికి తను మెట్లు దిగి వచ్చేసరికి, వామన్‌రావు గారు బాల్కనీలోంచి ఎదురింటివాళ్లకి అప్పుడే చెప్పేస్తున్నారు.