బీజీ పాట ఆనేకల్ చేరింది

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మా పై అంతస్తులో ఉండే పంజాబీ పెద్దావిడను అందరం బీజీ అంటాం. వాళ్ల భాషలో అమ్మ అని అర్థం. ఆవిడ కూతురూ నేనూ ఒకే ఆఫీసు. అలా రాకపోకలు మొదలయ్యాయి. బీజీ ఒకప్పుడు పేరున్న జానపద గాయని అని మాత్రం నాకు చాలాకాలం తెలియదు.

ఒక ఆదివారం వాళ్లింట్లో పరాఠాలు తింటుంటే కూతురు గోడమీది ఫొటో చూపించింది. ట్రాక్టరు ట్రాలీ మీద కట్టిన వేదిక, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని పాడుతున్న పడుచు, పక్కన డోలక్‌తో తలపాగా మనిషి.

"అమ్మా నాన్నా" అంది.

ఆ తర్వాత బీజీ కథను నేను కూరలు తరుగుతూ, హిందీలో, ముక్కలు ముక్కలుగా విన్నాను. పత్తి ఏరుతూ పిన్ని పాడే పాటలు చిన్నప్పుడే పట్టేసింది. పెళ్లిళ్లలో పాడేది. వేదిక ఎక్కడం తండ్రికి ఇష్టం లేదు. ఆ డోలక్ మనిషే పిల్లనడగడానికి వచ్చి, "ఈ అమ్మాయి పాట మానేస్తే నాకు పని ఉండదండీ" అన్నాడట. తండ్రి నవ్వి ఒప్పుకున్నాడు. ఇక ఏళ్ల తరబడి ఊరూరా మేళాలు, లారీల్లో ప్రయాణాలు, క్యాసెట్లు. కూతురు వేదిక వెనక డోలక్ గుడ్డ మీద నిద్రపోయేది.

భర్త పోయాక బీజీ పాట మానేసింది. "తాళం లేకపోతే ఎక్కడ ఎత్తుకోవాలో తెలియడం లేదు" అని మాత్రం చెప్పింది. కూతురు బెంగళూరు తీసుకొచ్చింది.

మా తమ్ముడి పెళ్లికి వాళ్లిద్దరినీ బెంగళూరు పక్కనే ఆనేకల్‌లో ఉన్న మా పుట్టింటికి తీసుకెళ్లాను. ముందురోజు సాయంత్రం గాజులు వేయించుకుంటూ ఆడవాళ్లంతా పాటలు ఎత్తుకున్నారు. మా అమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఆయమ్మ పాడేదంట గదా? ఒగ పాట పాడమను."

"మానేసిందమ్మా. అడగొద్దు."

అమ్మ వినలేదు. వెళ్లి బీజీ పక్కనే కూర్చుంది. "ఏమ్మా, ఇంతసేపూ మేమే పాడినాము. నీకు బాగుండలేదా?"

నేను నసుగుతూ హిందీలో చెప్పాను. బీజీ నవ్వి, మూలనున్న ఇత్తడి బిందె అడిగింది. మా పెద్దమ్మ నీళ్లు వంపేసి తెచ్చి ఇచ్చింది. "మీరు పాడండి" అని బీజీ సైగ చేసి, ఉంగరం వేలితో బిందె మీద తాళం వేయడం మొదలుపెట్టింది. మావాళ్లకు హుషారొచ్చింది. పాట అయిపోయింది గానీ బీజీ చెయ్యి ఆగలేదు. ఆ తాళం మీదే ఆమె గొంతెత్తింది. మొదట జీర వచ్చింది. దగ్గి, మంచినీళ్లు తాగి, శ్రుతి తగ్గించి మళ్లీ ఎత్తుకుంది. ఈసారి గొంతు నిలబడింది. పెళ్లికొడుకు తలపాగా పెద్దది, తల చిన్నది అని ఆటపట్టించే పాట. బీజీ కూతుర్ని అడిగి నేను అర్థం చెప్పగానే అందరూ మా తమ్ముడి తలకేసి చూసి ఒకటే నవ్వులు. గుమ్మంలో నిలబడ్డ బీజీ కూతురు కళ్లు తుడుచుకుంటోంది.

అప్పటినుంచి శనివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో బీజీ పాటలు నేర్పుతోంది. తమిళులు, మలయాళీలు, మేము, అందరం వెళతాం. మాటలు మా నోళ్లలో ఎలా తిరిగినా ఊరుకుంటుంది. తాళం తప్పితే మాత్రం తొడ మీద చరుస్తుంది.

ఈమధ్య మా అమ్మ ఫోనులో ఒక వీడియో పంపింది. ఆనేకల్‌లో ఎవరిదో పెళ్లి. మా పెద్దమ్మ బృందం పాడుతోంది. వరుస బీజీదే, మాటలు తెలుగు. బీజీ ఏమనుకుంటుందోనని బెరుగ్గానే చూపించాను.

"తలపాగా ఏమైంది?" అంది బీజీ.

"హెల్మెట్ అయింది. పెళ్లికొడుకు బైకు మీద వచ్చాడట."

బీజీ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. "మా పిన్ని పాడినప్పుడు అందులో గుర్రం ఉండేది. తలపాగా పెట్టింది నేను" అంది. ఆ హెల్మెట్ చరణం నేర్పమని కూర్చుంది.

ఆ సంగతి అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"అట్లనా? అయితే ఇంగా పాటలుంటే ఇయ్యమనమ్మా" అంది అమ్మ. "శ్రావణంలో ఈడ పెండ్లిండ్లు శానా ఉండాయి."