హేమ జవాబు చెప్పేదాకా

మా ఐరాల బడిలో హేమను నాలుగో తరగతిలో కూర్చోబెట్టాలంటే, బుద్ధి సరిగా ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం కావాలన్నారు హెడ్మాస్టరు. మిగతా పిల్లల్ని ఆ కాగితం ఎవరూ అడగలేదు. ఆయన్నూ అడిగినట్టు లేదు. మా అమ్మాయికి సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు బిగుసుకుంటాయి, మాట ఒక్కో అక్షరంగా వస్తుంది. అంతే. తిరుపతి ఆసుపత్రిలో బుధవారం ఇలాంటి కాగితాలిచ్చే శిబిరం ఉందంటే బయలుదేరాం.

ఆరున్నరకు బస్సెక్కి, చిత్తూరులో దిగి, తిరుపతి బస్సు పట్టుకున్నాం. ముందు సీటే అడగండి. వెనక కూర్చుంటే బిగిసిన కాళ్లకు ప్రతి గుంతా తెలుస్తుంది. ఇడ్లీలు ఇంటి నుంచే తెచ్చుకోండి. వైద్యం మాత్రం బస్సులోనే దొరుకుతుంది.

"పోలియోనామ్మా?" అన్నాడు పక్క సీటు పెద్దాయన.

"కాదు. పుట్టినప్పుడు మెదడుకు గాలి అందలేదు."

"అట్లయితే పావురం నెత్తురు పూయాల. మా బామ్మర్ది లేసి నడిసినాడు."

"ఆయనకేమొచ్చింది?"

"కాలు బెణికింది."

పూతలపట్టు దాటేలోపు ఉడుము నూనె, ఆకుపసరు, మూడు మొక్కుబడులు పోగయ్యాయి. హేమను ఎవరూ ఏమీ అడగలేదు. అందరికీ నేనే జవాబు చెప్పాను. ఆ పనిలో నాకు తొమ్మిదేళ్ల అనుభవం.

పదింటికి ఆసుపత్రి చేరాం. నడవలేని పిల్లల శిబిరం కదా, మేడ మీద పెట్టారు. హేమను భుజాన వేసుకుని ఎక్కాను. పన్నెండున్నరకు మా వంతు వచ్చింది. గుమాస్తా హేమ నోటి చొంగ చూసి ఫారంలో 'బుద్ధిమాంద్యం' అని రాసేశాడు.

"బిడ్డను అడక్కుండానే ఎట్ల రాసినారు?"

"ఈడికొచ్చే పిల్లోళ్లంతా అదే గదమ్మా."

ఆ మాట అలాగే ఉంటే హెడ్మాస్టరు మమ్మల్ని గేటు దగ్గర నుంచే పంపించేస్తారు.

లోపల డాక్టరమ్మ, "నీ పేరేంది పాపా?" అంది.

"హేమ," అన్నాను నేను.

"పాపనడిగినా. మీరు జవాబు చెప్తే సర్టిఫికెట్టు మీకే రాసిస్తా."

హేమను ఆమెకు ఎదురుగా కూర్చోబెట్టి, పక్కకు జరిగాను.

"ఇరవై ఒకటిలో తొమ్మిది పోతే ఎంత పాపా?"

హేమ మెడ వెనక్కి వాలింది, చెయ్యి బిగిసింది, పెదవులు కదిలాయి. శబ్దం లేదు. గోడ గడియారంలో నిమిషం దాటింది. ఫారం పట్టుకుని వెంట వచ్చిన గుమాస్తా ఆవులించాడు. జవాబు నా నాలుక చివర ఉంది, పళ్లతో పట్టుకున్నాను.

"ప... న్నెం... డు."

డాక్టరమ్మ గుమాస్తా రాసింది కొట్టేసి, 'బుద్ధి మామూలే. జవాబు చెప్పడానికి సమయం ఇవ్వాలి' అని రాసింది. ఆ రెండో వాక్యం హెడ్మాస్టరుకా, నాకా అని అడగలేదు.

మూడున్నరకు తిరుగు బస్సు. ఈ పనిమీద వెళ్లేవాళ్లకు రోజంతా పడుతుంది, తొందరపడితే లాభం లేదు. పక్కన కూర్చున్న అవ్వ నన్నడిగింది: "ఈ బిడ్డకు మాటలొస్తాయా?"

నా దగ్గర మూడు ఘాటైన జవాబులు సిద్ధంగా ఉన్నాయి. కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. హేమ చంద్రగిరిలో మొదలుపెట్టిన జవాబు పనపాకం దగ్గర పూర్తయింది.

"వస్తాయవ్వా. అమ్మ... మాట్లాడకుంటే."