డాక్టర్ ఎస్తేరు గారి పెన్సిల్

ఈ ఉదయం డైరీ రాద్దామని కొత్త పెన్సిల్ చెక్కుతుంటే, ఆ చెక్క వాసనకు డాక్టర్ ఎస్తేరు గారు గుర్తొచ్చారు. డెబ్బైలలో విజయవాడ వన్ టౌన్‌లో, ఒక కాగితాల దుకాణం మేడమీద ఆవిడ ఆఫీసు ఉండేది. నడక తూలడం, మాట ముద్దకావడం వంటి నరాల జబ్బులు ఒకే కుటుంబంలో తరతరాలుగా ఎలా దిగివస్తాయన్నది ఆవిడ పరిశోధన. అవి రక్తపరీక్షతో తేలే రోజులు కావు. ఊరూరా తిరిగి, ఎవరికి ఎవరు పుట్టారో అడిగి వంశవృక్షాలు గీయాలి. చేతిరాత బాగుందని ఆ పని నాకిచ్చారు. ఆవిడ నియమం ఒకటే: ఇంట్లోవాళ్లు చెప్పింది పెన్సిల్‌తో గీయాలి, పురుడు పోసిన మంత్రసాని కూడా అదే చెబితేనే ఇంకు పెట్టాలి.

"ఇంట్లోవాళ్లు అబద్ధమాడరు ప్రసాదూ. అక్కర్లేదనుకున్నవి చెప్పరు, అంతే" అనేవారు.

కృష్ణ ఒడ్డున ఒక ఊళ్లో యోహాను గారని ఉండేవారు. నలభై దాటాక, వాళ్ల నాన్నకు వచ్చినట్టే, గోడ పట్టుకుని నడిచే జబ్బు వచ్చింది. ఒక్కతే కూతురు రత్నం, బడిలో టీచరు. మమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఉద్యోగం వంక పెట్టి పెళ్లి వద్దంటున్నానండీ. నాన్నకొచ్చింది నాకూ వస్తే? నా పిల్లలకొస్తే?"

"సగం సగమమ్మా, బొమ్మా బొరుసూ" అన్నారు డాక్టరు గారు. ఆవిడ తియ్యటి అబద్ధాలు చెప్పరు.

ఆ సాయంత్రమే నేను తండ్రీకూతుళ్ల గీతకు ఇంకు పెట్టేశాను. ఆవిడ కోప్పడితే, "ఇద్దరిదీ ఒకటే నవ్వండీ, ఇంకా అడగాలా?" అని వాదించాను కూడా.

రెండు వారాలకు పక్క ఊళ్లో మంత్రసాని దొరికింది. "రత్నాన్నా? కన్నది యోహాను భార్య కాదమ్మా, ఆవిడ చెల్లెలు. అక్కకు పిల్లల్లేరని పొత్తిళ్లలోనే ఇచ్చేసింది. పెద్దోళ్లందరికీ ఎరికే, ఎవరూ అనరు."

"యోహానుదీ భార్యదీ మేనరికమా?" అని అడిగారు డాక్టరు గారు. అయితే ఆ జబ్బు అటునుంచీ రావచ్చు.

"కాదు. ఆ పిల్లది బందరు, బయటి సంబంధం. చెల్లెలి మొగుడూ యోహాను వైపు వాడు కాదు."

ఆ పుట్టింటివైపు ఈ జబ్బు లేదని మా కాగితాల్లో ముందే ఉంది. నేను ఎగిరి గంతేశాను. "పదండి, రత్నానికి చెప్పేద్దాం!"

"ఆ రహస్యం మనదా, చెప్పడానికి?" అన్నారావిడ.

నేరుగా యోహాను గారింటికే వెళ్లాం. ఆవిడ రత్నంతో, "బస్సు దగ్గర నాతో అన్న మాట మీ నాన్నతో అను" అన్నారు. రత్నం ఏడుస్తూనే అనేసింది. యోహాను గారు భార్యకేసి చూశారు. తరవాత మంచం ఊగేలా నవ్వారు.

"పిచ్చిదానా, నా జబ్బు నీకెలా వస్తుందే? నిన్ను కన్నది మీ పిన్ని!" అని, కాసేపటికి నవ్వాపి, "పరాయివాణ్ణైపోతానేమోనని ఇన్నాళ్లూ చెప్పలేదు" అన్నారు ముద్దమాటల్లో.

రత్నం వెళ్లి ఆయన మంచం అంచున కూర్చుంది. "పరాయివాడివైతే నీ నవ్వు నాకెలా వచ్చింది నాన్నా?" అంది.

"ఈ ఏడుపేదో ముందే ఏడిస్తే ఆ గుడివాడ సంబంధం పోయేది కాదుగా!" అని వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటూ కాఫీకి లేచింది.

ఆ కాగితమంతా నాచేత మళ్లీ గీయించారు డాక్టరు గారు. పెంపకానికి గీత ఉండదు, చుక్కలు. మరుసటి ఏడాది శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన రత్నం, అది చూసి, "చుక్కలేనాండీ?" అంది.

"నా శాస్త్రం అంతవరకేనమ్మా."

"పోన్లెండి, నాన్న దాకా చేరాయిగా" అని నవ్వింది. అచ్చం యోహాను గారి నవ్వే.

అప్పటినుంచి నా డైరీల్లో బస్సుల వేళలు, వానలు, వైద్యుడు చెప్పిన మందులు ఇంకుతో ఉంటాయి. మనుషుల గురించి రాసేది మాత్రం పెన్సిల్‌తోనే.