మా బుజ్జిగాడి రెండు పుట్టినరోజులు

ప్రయాణాల బ్లాగులో పెట్టదగ్గ ప్రయాణం కాదిది. దారిలో గుడి లేదు, జలపాతం లేదు. మా కింది వాటాలో ఉండే కాలేజీ అమ్మాయి తను చూసొచ్చిన ఊళ్ళ గురించి ఇందులో రాస్తుంటుంది. నేను నోటుబుక్కులో రాసుకున్నది చదివి, "ఈ దారి తెల్వక మస్తుమంది తిరుగుతుంటరు మామ్మా, పెడదాం" అంది. నేను ఐదో తరగతి దాకా చదివాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా ఇలాంటి పని మీద బయలుదేరాల్సిన వాళ్ళు ఎవరైనా ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

రెండు వారాల కిందట ఉప్పల్లో ఎవరిదో మోటారుసైకిలు పోయింది. దాని మీద వెళుతూ ముగ్గురు కుర్రాళ్ళు దొరికారు. వెనకాల కూర్చున్నవాడు నా కూతురి కొడుకు. పేరు రాయను. ఇలాంటి కేసుల్లో పిల్లల పేరు బయటపెట్టకూడదని చట్టం ఉందట. ఇంట్లో పిలిచినట్టు బుజ్జిగాడనే అంటాను. కబురు తెలియగానే నేను స్టేషనుకు పరుగెత్తాను. చదువుకున్న పిల్లవాడని తెలిస్తే కొట్టరేమోనని, బడివాళ్ళిచ్చిన టీసీ పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను. అక్కడున్నాయన దాన్ని చూసి, "పద్దెనిమిది దాటినయ్ గదా. పెద్దోడే" అని రాసుకున్నాడు. నేను నోరు తెరవలేదు. టీసీలో ఉన్న పుట్టినరోజు తప్పు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, రాయించింది నేనే కాబట్టి. నిజానికి వాడికి పదహారు నిండి తొమ్మిది నెలలు.

పద్దెనిమిది లోపు వాళ్ళయితే పిల్లల హోంలో ఉంచి, పిల్లల బోర్డు ముందు పెడతారు. దాటితే పెద్దవాళ్ళ జైలు, పెద్దవాళ్ళ కోర్టు. ప్రభుత్వం వాళ్ళు ఊరికే ఇచ్చే లాయరు ఒక చిన్నపిల్ల, నా కూతురి కంటే కూడా చిన్నది. వాణ్ణి చూసి, "సరిగ్గా మీసమే రాలేదు, పద్దెనిమిదేంటి మామ్మా?" అని నన్ను నిలదీసింది. బళ్ళో తప్పు పడిందమ్మా అన్నాను. అది సగం నిజం. ఆమె జడ్జిగారితో మాట్లాడి వయసు తేలేదాకా వాణ్ణి హోంలో ఉంచేట్టు చేసింది. "పది పాసయిన మెమో లేదు కాబట్టి, వాడు మొట్టమొదట చేరిన బడి నుంచి పుట్టినతేదీ కాగితం తేవాలి. శుక్రవారం ఒంటిగంటకి బోర్డు ముందు పెడతాను. తేకపోతే టీసీలో ఉన్నదే నిలుస్తుంది, సాయంత్రానికి జైలుకి పంపిస్తారు" అంది. ఈ ప్రయాణం అందుకు.

మా ఇల్లు నాచారంలో. నలభై ఏళ్ళ కిందట మా ఆయనకి ఇక్కడి ఫ్యాక్టరీలో పని దొరికితే తెనాలి వైపు నుంచి వచ్చాం. శుక్రవారం పొద్దున ఏడింటికల్లా బయలుదేరాను. బడి ఉప్పల్లోనే, తెరిచేది ఎనిమిదిన్నరకి. అయినా ఆటోలు దొరకవేమో, బందేమైనా పెడతారేమో, ఆ బడి అసలు ఉందో లేదో అని నాకు భయం. మా అమ్మాయికి, అంటే బుజ్జిగాడి తల్లికి, బట్టల కంపెనీలో సెలవు దొరకలేదు, అప్పటికే నాలుగు రోజులు మానేసింది. వెళుతూ వెళుతూ, "ఆ బడివాళ్ళ తప్పుకి మనం తిరగాల్సి వస్తోంది చూడమ్మా" అంది. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాను.

నాచారం చౌరస్తాలో షేరింగ్ ఆటో ఎక్కితే హబ్సిగూడ దాకా పది రూపాయలు. అక్కడ ఉప్పల్ బస్సు ఎక్కొచ్చు. మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వి పెట్టారు కాబట్టి పావుగంట దారికి ముప్పావుగంట అనుకోండి. ఆటోలో నా పక్కన కూరగాయల సంచితో ఒకావిడ కూర్చుంది. డ్రైవరు అద్దంలోంచి చూస్తూ మాట్లాడుతున్నాడు.

"టీవీల జూసిన్రా అక్కా? పద్దెనిమిది గాదు, పదహారుకే పెద్ద జైలుకు పంపాలె అంటున్నరు. నాకైతే మంచిగనే అనిపిస్తుంది. గీ పోరగాండ్లకు భయం లేదు."

"పదహారెందుకు? తప్పు జేసిన్నాడే లోపలెయ్యాలె," అంది ఆవిడ. "హోముల బెట్టి బువ్వ పెడ్తరంట, మన పైసలతోని. నువ్వేమంటవ్ పెద్దమ్మా?"

ఏమనను? ఆర్నెల్ల కిందట అదే టీవీ ముందు కూర్చుని, అదే మాట నేనూ అన్నాను. ఇంకా పెద్ద మాటే అన్నాను. పక్కన బుజ్జిగాడు అన్నం తింటున్నాడు. వాడికి గుర్తుండి ఉంటుందా అని ఆ ఆటోలో కూర్చుని భయపడ్డాను.

"నాకేం తెలుసమ్మా" అన్నాను.

"గింత పొద్దుగాల ఏడికి?"

"పెళ్ళి మాటలకి."

"మంచిది, మంచిది. పిల్లగాడు ఏం జేస్తడు?"

"హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు," అన్నాను. రెండు వారాలుగా వీధిలో అందరికీ చెప్పిన మాట అది. నోటికి అలవాటైపోయి దానంతటదే వచ్చింది. చదువుకునే పిల్లగాడికి పెళ్ళేందని ఆవిడ అడుగుతుందని హడలిపోయాను. ఇంతలో హబ్సిగూడ వచ్చింది, దేవుడి దయ.

ఉప్పల్ రింగు రోడ్డు నుంచి లోపలి గల్లీల్లోకి పది నిమిషాలు నడిస్తే ఆ బడి. రేకుల షెడ్డు పోయి రెండంతస్తులు లేచింది. హెడ్మాస్టారు మాత్రం ఆయనే, జుట్టు నెరిసిందంతే. పదకొండేళ్ళయినా నన్ను గుర్తుపట్టారు.

"మీరు చెప్పకుంటనే పోయిన్రు గదమ్మా. పిలగాడు యూకేజీ అయిపోంగనే మాయం. టీసీ గూడ తీస్కపోలే. ఏమన్న అయ్యిందేమో అని మా ఆయాను మీ ఇంటికి పంపిన నేను."

నేను నేల చూపులు చూస్తూ విషయం చెప్పాను. బోర్డనీ కేసనీ వినగానే ఆయన ఇంకేం అడగలేదు. బీరువాలోంచి దుమ్ము పట్టిన రిజిస్టరు తీసి, ఒక్కో పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించారు. బుజ్జిగాడి పేరు, ఆస్పత్రి కార్డులో ఉన్న అసలు తేదీ. దాని పక్కన కోడి కెలికినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో నా సంతకం.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. యూకేజీ అయిన ఏడు, మా వీధిలో బుజ్జిగాడి ఈడు పిల్లవాడు రెండో తరగతిలో చేరాడు. వాళ్ళ నాయనమ్మ పంపు దగ్గర రోజూ చెప్పేది. మా వాడేం తక్కువ అనిపించింది నాకు. త్వరగా పదయితే త్వరగా ఉద్యోగం వస్తుంది, అమ్మాయికి ఆసరా అవుతుంది అనీ అనుకున్నాను. నాచారంలో ఇంకో బడికి తీసుకెళ్ళి, ఇంట్లోనే చదివించామని చెప్పి, ఏడాదిన్నర వయసు పెంచి రాయించి రెండో తరగతిలో కూర్చోబెట్టాను. అప్పుడు ఏం చెబితే అది రాసుకునేవారు. అందరూ చేసేదే కదా అనుకున్నాను. అక్కడా సంతకం నాదే. అబద్ధానికీ నిజానికీ ఒకటే సంతకం పెట్టాను నేను.

హెడ్మాస్టారు బడి కాగితం మీద చేత్తో రాసి స్టాంపు వేసిచ్చారు. రిజిస్టరు పేజీ జిరాక్సు కూడా కావాలంటే, రిజిస్టరిచ్చి బడి ఆయాను నాతో షాపుకి పంపారు. అప్పుడే కరెంటు పోయింది. జిరాక్సు షాపతను, "పదకొండింటికి వస్తది అవ్వా, కూసో" అని స్టూలు వేశాడు. గంటన్నర కూర్చున్నాను. రిజిస్టరు ఆయా ఒళ్ళో, కాగితం నా ఒళ్ళో. నా చెమటకి ఆ సిరా ఎక్కడ తడుస్తుందోనని కొంగు మధ్యలో పెట్టుకున్నాను. కరెంటు వచ్చేసరికి పదకొండుంపావు.

బోర్డు కూర్చునేది వాణ్ణి ఉంచిన హోంలోనే. ఉప్పల్ రింగు రోడ్డు నుంచి నాగోలు మీదుగా మూసీ దాటి వెళ్ళాలి. బస్సుకి ఆగితే ఆలస్యమవుతుందని ఆటో మాట్లాడుకున్నాను, తొంభై తీసుకున్నాడు. హోం పేరు రాయను. బయట రాసిన పేరు చూస్తే బడి అనుకుంటాం, గోడ చూస్తే అనుకోం. పన్నెండుకల్లా చేరాను. సంతకం చేసి, సెల్‌ఫోను గేటు దగ్గర ఇచ్చి లోపలికి వెళ్ళాలి. తినేవి తీసుకెళితే అక్కడే ఆపేస్తారు. నేను తెచ్చిన సున్నుండలు అలాగే ఆగిపోయాయి.

బోర్డు ఇంకా కూర్చోలేదు. వరండాలో వంటమనిషి బియ్యం ఏరుతోంది. ఊరికే కూర్చోలేక నేనూ చేట అందుకున్నాను.

"మనుమడా?" అంది.

"ఊఁ."

"మొదటిపారి వచ్చినోళ్ళందరు గిట్లనే ముడుచుకొని కూసుంటరు. ఫికర్ జెయ్యకు. ఈడ కొట్టరు." రాయి ఒకటి ఏరి పారేసింది. "జైలు అనొద్దు, హోం అనాలె అని కాయితం వచ్చింది. ముద్దాయి అనొద్దంట, పిల్లలు అనాలెనంట. పేర్లన్ని మారినయ్. చదువు జెప్పే సారు పోయి రెండేండ్లాయె, ఆ కుర్చీ ఇంక ఖాళీనే. పోరగాండ్లతోని కూసోని మాట్లాడే మేడం వారానికి ఒక్కనాడు వస్తది. అడిగితే ఫండు రాలే అంటరు."

"మరి రోజంతా పిల్లలు ఏం చేస్తారమ్మా?"

"ఏం జేస్తరు? గోడ జూస్తరు. మీ ఓడు మంచోడే. నా తాన కూసోని ఉల్లిగడ్డ కోస్తడు. ఏడిస్తే ఉల్లిగడ్డ అని జెప్పుకోవచ్చు గదా."

నాకు కళ్ళు నిండాయి. "ఇగో, నీకు గూడ తెస్త ఆగు," అని నవ్వింది ఆమె. ఇంట్లో ఒక్కనాడూ ఉల్లిపాయ ముట్టుకోనివ్వలేదు నేను వాణ్ణి.

ఒంటిగంటకి పిలిచారు. కోర్టులా ఉండదు. ఒక బల్ల, అవతల మేజిస్ట్రేటు మేడం, పక్కన ఇద్దరు. బుజ్జిగాణ్ణి ఇటు పక్క నిలబెట్టారు. పదిహేను రోజుల్లో మెడ సన్నబడింది. లాయరమ్మ కాగితాలు పెట్టింది. మేడం రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, కళ్ళజోడు తీసింది.

"రెండిట్లోనూ సంతకం మీదేనా అమ్మా?"

"నాదేనమ్మా."

"ఏది నిజం?"

"మొదటిది."

"రెండోది బడివాళ్ళ పొరపాటా?"

లాయరమ్మ నా వైపు చూసింది. ఆమెకి నేను చెప్పింది అదే. అవునంటే సరిపోయేదేమో. అప్పుడు బుజ్జిగాడూ నా వైపు చూశాడు.

"కాదమ్మా. నేనే అబద్ధం చెప్పి రాయించాను. పక్కింటి పిల్లవాడి కంటే వెనకబడకూడదని. స్టేషనులో ఆ కాగితం ఇచ్చిందీ నేనే. ఇచ్చాక ఏమైందో తెలిసీ భయపడి నోరు మూసుకున్నాను. పిల్లవాడి తప్పేం లేదు ఇందులో."

"బండి విషయంలో?" అని బుజ్జిగాణ్ణి అడిగింది మేడం.

వాడు గోడ చూడలేదు. "దొంగ బండని తెలుసు మేడం. ఎక్కిన," అన్నాడు. బయటి స్నేహితులతో మాట్లాడే భాష అది. ఇంట్లో నా దగ్గర అలా మాట్లాడడు.

మేడం ఏదో రాసుకుంది. మొదటి బడి కాగితాన్నే తీసుకుంటున్నామని, వీడి కేసు ఈ బోర్డు దగ్గరే ఉంటుందని, బెయిలు సంగతి వచ్చే వారం చూస్తామని చెప్పింది. జైలుకి పంపరు. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మీలాంటి కాగితాలు నా దగ్గరికి ఎన్నో వస్తాయమ్మా. ఒప్పుకునే వాళ్ళే తక్కువ," అంది. తిట్టినా ఇంత సిగ్గేసేది కాదు.

బయట వరండాలో ఐదు నిమిషాలు మాట్లాడనిచ్చారు. నేను వాడి చేతులు పట్టుకున్నాను. ఉల్లిపాయ వాసన. ఏం తిన్నావు, నిద్ర పడుతోందా అని ఏదేదో అడుగుతున్నాను. వాడు వినడం లేదు, లోపల లెక్క వేసుకుంటున్నాడు. చివరికి అన్నాడు.

"అయితే నేను క్లాసులో అందరికంటే చిన్నోణ్ణా అమ్మమ్మా?"

"ఏడాదిన్నర చిన్న నాన్నా."

"అందుకేనా నేను పొట్టి? లెక్కలు రాకపోతే అందరూ మొద్దు అనేవాళ్ళు. నేనూ మొద్దుననే అనుకున్నా." చేతులు వెనక్కి తీసుకుని, "బండి మీద ఉన్న ఆళ్ళిద్దరు నా క్లాసోళ్ళే. పెద్దోళ్ళతో తిరిగితే పొట్టోడా అనరని తిరిగిన," అన్నాడు.

టైమైందని పిలిచారు. వెళుతూ వెనక్కి తిరిగి, "మొద్దును కాదన్నమాట," అన్నాడు. నవ్వాడో లేదో నాకు కనబడలేదు, కళ్ళజోడు మసకబారింది.

తిరుగు దారి బస్సులో వచ్చాను. నాగోలు దాకా ఒకటి, అక్కడ మారి ఉప్పల్, మళ్ళీ మారి నాచారం, అంతా కలిపి పాతిక లోపే. సాయంత్రం అమ్మాయి కంపెనీ నుంచి రాగానే చెప్పేశాను. అది వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కుంది. తర్వాత అన్నం పెట్టుకుని నాకూ ఒక కంచం వేసింది. ఇంట్లో ఒకళ్ళం చేసిన తప్పు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో నాకిప్పటికీ అందడం లేదు. పంపు దగ్గర ఒక మాటకి పౌరుషం వచ్చి నేను జరిపిన ఏడాదిన్నర, వాడి బాల్యంలోంచి పోయింది. చివరికి జైలు గేటు దగ్గర ఆ ఏడాదిన్నరే వెతుక్కోవాల్సి వచ్చింది. టీవీలో వయసు తగ్గించాలని అరిచేటప్పుడు ఇప్పుడు నేను కట్టేస్తున్నాను. ఏది సరైనదో చెప్పేంత చదువు నాకు లేదు. ఆ ఖాళీ కుర్చీ నిండాలని మాత్రం నాకు తెలుసు. దీన్ని టైపు చేస్తున్న కింది వాటా అమ్మాయికి కూడా మా వాడు హాస్టల్లో ఉన్నాడనే చెప్పాను. ఈ నోటుబుక్కు చేతికిచ్చాకే తనకి నిజం తెలిసింది. మిగతా వీధికి ఇలా తెలుస్తుంది.

ఇలాంటి పని మీద మీరూ బయలుదేరాల్సి వస్తే ఒక్క మాట గుర్తు పెట్టుకోండి: చివరి బడికి పోకండి, పిల్లవాడు మొదట చేరిన బడికి పొద్దున్నే, కరెంటు పోకముందే పోండి. ఇంట్లో బళ్ళో వేసే ఈడు పిల్లలుంటే, వాళ్ళు నిజంగా పుట్టిన తేదీనే రాయించండి.