అమ్మ కాలు పెట్టని పడవ

ఆ పాత పడవను కొని ఇంటికి తెచ్చిన రోజు మావారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది బోటా, పూలకుండీనా? రిటర్న్ తీసుకుంటారేమో కాల్ చేసి అడుగు" అన్నారు. ఆయన తప్పేం లేదు. అల్యూమినియం ఒళ్ళు గట్టిగానే ఉంది గానీ, లోపల పరిచిన చెక్క నేల పూర్తిగా పుచ్చిపోయి మూలల్లో మొక్కలు మొలిచాయి. కాలు పెడితే టీలో ముంచిన బిస్కెట్‌లా కిందికి దిగిపోయింది. నాకు మాత్రం ఇసుమంతైనా బెంగ కలగలేదు. ఆఫీసులో ఎవరెవరో పాడుచేసి వెళ్ళిన కోడ్‌ను బాగుచేయడమే నా ఉద్యోగం. ఈ నేల నాకొక లెక్కా?

అరోరాలోని మా గరాజ్‌లోంచి కార్లు బయటికి పోయాయి, పడవ లోపలికి వచ్చింది. నా పట్టుదలకు కారణం ఒక్కటే. ఆ వేసవికి అమ్మ మా ఊరి నుంచి విమానమెక్కి, ఈ పరాయి దేశంలో ఉన్న మా దగ్గరకు వచ్చింది. ఆమె తిరిగి వెళ్ళేలోగా ఆమెను పడవ ఎక్కించాలి.

మా నాన్న సముద్రం మీద వేట చేసేవాడు. ఆయన తెచ్చిన చేపలు అమ్మి మమ్మల్ని పెంచింది అమ్మ. కానీ మా రేవులో ఆడవాళ్ళు పడవలో కాలు పెట్టకూడదు, పెడితే వేట పడదంటారు. అందుకని జన్మలో ఒక్కసారి కూడా ఆమె పడవ ఎక్కలేదు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి, ఈ కట్టుబాటును మాత్రం నాన్న పోయాక కూడా వదల్లేదు. చిన్నప్పటి నుంచీ నాకది ఒళ్ళుమంట.

పుచ్చిన చెక్కను పెరికాను. ముక్కలైనా సరే వాటినే అచ్చుగా కొత్త ప్లైవుడ్ మీద పేర్చి, గీత గీసి కోశాను. అమ్మ ఊరికే కూర్చునే రకం కాదు. నీళ్ళు పట్టకుండా చెక్కకు పూసే జిగురును పిండి కలిపినంత ఒడుపుగా కలిపేది. కానీ నేల బిగించాక నునుపు చేసేటప్పుడు పడవ పక్కన స్టూల్ వేసుకుని, అంచు మీదుగా వంగి, చెయ్యి అందినంత మేరే గరుకు కాగితంతో రుద్దేది. నడిమధ్యన అందని చోటు అలాగే మిగిలిపోయేది.

"లోపలికి రామ్మా! ఈ గరాజ్‌లో ఎవరి వేట చెడుతుంది?" అనేదాన్ని.

"నానిక్కడే బాగున్నాను. నువ్వు రుద్దుకో" అనేది.

వాదించాను, బతిమాలాను, అలిగాను కూడా. చివరికి ఆ నడిమి భాగమంతా పళ్ళు నూరుతూ నేనే రుద్దుకున్నాను.

ఊరవతల చెరువులో పడవను దింపిన రోజున మావారు పడవ ఉన్న ట్రైలర్‌ను కారుతో నీళ్ళలోకి వెనక్కి నడిపారు. పడవ నీళ్ళ మీద నిలిచింది. లోపల చుక్క తడి లేదు. కొత్త నేల మీద ధనధనా అడుగులేసి చూశాను, కిర్రుమని కూడా అనలేదు. అమ్మ ఒడ్డు నుంచి నీళ్ళలోకి కట్టిన చెక్క వంతెన మీదే నిలబడి చూస్తోంది.

"ఎవుల్దే ఈ పడవ? అల్లుడిదా?" అంది ఉన్నట్టుండి.

"నాదే. నా పేరు మీదే రిజిస్టర్ చేయించాను."

అమ్మ వంతెన చివరిదాకా వచ్చింది. "మగోళ్ళ పడవలో మన కాలు పడకూడదన్నారు. ఇది మగోళ్ళది కాదు గదా" అంది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, నా భుజం ఆసరాగా లోపలికి అడుగుపెట్టింది. వేసవంతా నేను చేసిన వాదనలు ఒక్కటీ పనికిరాలేదు. తన దారి తనే వెతుక్కుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అమ్మకు చీర మీదే లైఫ్ జాకెట్ బిగించి, మోటార్ స్టార్ట్ చేశాను. చెరువు మధ్యకు వెళ్ళాక ఆపాను. అమ్మ నీళ్ళకేసి చూడలేదు, వెనక్కి తిరిగి ఒడ్డుకేసే చూస్తూ కూర్చుంది. అక్కడ మావారు బొటనవేలంత కనిపిస్తున్నారు.

"మీ అయ్య కోసం రోజూ ఒడ్డున నిలబడేదాన్ని గదా," అంది. "ఆయనకి నాను ఇంతే కనపడేదాన్నన్నమాట."

తర్వాత చెయ్యి పైకెత్తి, ఒడ్డున ఉన్న మనిషికి కనపడేలా గట్టిగా ఊపింది.